గోధుమ చేలో మెంతికూర

ఇంగ్లండు పల్లెటూళ్ళ గురించి నాకు తెలిసినంత, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళలో సగం మందికి కూడా తెలిసి ఉండదు. గొప్పకు చెప్పడం లేదు, కడుపుమంటతో చెబుతున్నాను. కరీంనగర్ జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లిషు చెప్పాను, అదీ కాంట్రాక్టు లెక్చరరుగా. సిలబస్ ఎన్నిసార్లు మార్చినా ఇంగ్లండు పల్లె మీద ఒక పద్యమో పాఠమో మాత్రం ఎక్కడో ఒకచోట తగిలేది. హెడ్జ్ అంటే పొలం అంచున పెంచే గుబురు కంచె. మెడో అంటే పూలు పూసే గడ్డి బీడు. స్టైల్ అంటే మనుషులు దాటగలిగేలా, గొర్రెలు దాటలేకుండా కంచెకు కట్టిన మెట్టు. ఇవన్నీ రేకుల కప్పు కింద, ఫ్యాను తిరగని గదిలో, చెమట తుడుచుకుంటూ చెప్పేవాణ్ణి. బోర్డు మీద బొమ్మలు కూడా గీసేవాణ్ణి. నా గొర్రె కుక్కలా ఉందని పిల్లలు నవ్వేవాళ్ళు.

అన్నింటికంటే ఎక్కువగా చెప్పింది స్కైలార్క్ అనే పిట్ట గురించి. గైడులో దానికి భరతపక్షి అని అర్థం రాసి ఉండేది. ఆ మాట చదివితే కళ్ళ ముందు ఏ పిట్టా కనబడదు. ఎట్లా ఉంటుంది సార్ అని అడిగితే మట్టి రంగులో ఉంటుంది, పిచ్చుక కంటే కాస్త పెద్దది అనేవాణ్ణి. ఎట్లా కూస్తుంది సార్ అని అడిగితే పైకి పోతూ పాడుతుంది, పాడుతూ పైకి పోతుంది, కంటికి కనబడనంత ఎత్తుకు పోయినా పాట మాత్రం కిందికి కురుస్తూనే ఉంటుంది అనేవాణ్ణి. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. నేను విన్నానా అని ఒక్కరూ అడగలేదు. వినలేదని వాళ్ళకూ తెలుసు. వాళ్ళలాగే నేనూ సిటీ బస్సెక్కి కాలేజీకి వచ్చేవాణ్ణి.

మా ఆవిడకు కార్ల్స్‌రూహెలో ఐటీ ఉద్యోగం వచ్చినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. జర్మనీకి పక్కనే కదా ఇంగ్లండు, ఒక వేసవి సెలవుల్లో పోయి, ఆ కంచెల మధ్య దారుల్లో నడిచి, ఆ పిట్ట పాట ఒక్కసారి విని వస్తే చాలు అనుకున్నాను. రెగ్యులర్ చేస్తారు చేస్తారని ఎదురుచూసిన ఉద్యోగానికి దండం పెట్టి, భార్య వెనకాల వచ్చేశాను. వచ్చాక తెలిసింది, పక్కనే ఉన్నంత మాత్రాన పోలేమని. ఇక్కడి వీసా అక్కడ పనికిరాదు. అక్కడి వీసాకు ఇక్కడి నివాస కార్డు గడువు చాలినంత ఉండాలి. నా కార్డు రెన్యువల్‌కు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకదు. దొరికిన నాటికి మా ఆవిడ సెలవులు అయిపోయాయి, పాపకు బడి తెరిచారు. రెండో ఏడాదీ అంతే. మూడో ఏడు ఇంగ్లండు మాటెత్తితే మా ఆవిడ కళ్ళు మూసుకుని నుదురు నొక్కుకోవడం మొదలుపెట్టింది. నేనూ మాట్లాడటం మానేశాను.

ఊళ్ళో ఇంటి అద్దె భరించలేక, ట్రామ్ పోయే దారిలో చివర ఉన్న ఒక పల్లెటూళ్ళో, రైతు ఇంటి పైపోర్షన్‌లో ఉంటున్నాం. కింద ఓనరు, ఆయన భార్య ఉంటారు. చుట్టూ గోధుమ, మొక్కజొన్న, పసుపు పూల ఆవాల్లాంటి రేప్ పంట. పల్లె అంటే మనకు పొద్దున్నే ఎవరో ఒకరు పిలుస్తారు, ఏదో ఒకటి పెడతారు, అడగకుండానే సలహా ఇస్తారు. ఇక్కడ పల్లె అంటే నిశ్శబ్దం. ఆదివారం నాడు డ్రిల్లింగ్ మిషన్ తిప్పకూడదు, సీసాలు డబ్బాలో పారేయకూడదు. దారిలో ఎదురైనవాళ్ళు ముక్తసరిగా ఒక మాట అని, ఆపైన నేను ఎటు పోతున్నానో చూస్తారు. ఒకసారి పొలం మధ్యలో చెక్కతో కట్టిన మంచె కనబడితే, మన చేలల్లో మంచె లాంటిదే కదా అని ఎక్కి కూర్చున్నాను. అది వేటగాడిదట. ఆయన కింద నిలబడి నాకు చాలాసేపు ఏదో చెప్పాడు. అందులో నాకు అర్థమైంది దిగమని ఒక్కటే.

అన్నింటికన్నా ఒళ్ళు మండేది పెరటి సంగతి. ఓనరు పెరడు మా కాలేజీ గ్రౌండంత ఉంటుంది. మొత్తం గడ్డే. దాన్ని ఒక రోబో మిషన్ రోజూ తనంతట తాను గొరుగుతూ తిరుగుతుంది. ఒక మూల మంచమంత జాగా ఇస్తే ఇంత మెంతికూర, కొత్తిమీర వేసుకుంటానని మా ఆవిడతో అడిగించాను. ఆయన ఆలోచించి, గడ్డి పాడవుతుందన్నాడట. తినే కూర కంటే తినని గడ్డి ముఖ్యం అనే మనిషి రైతెట్లా అయ్యాడో నాకు అర్థం కాలేదు. సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర చిన్న కుండీలో అమ్ముతారు. ఇంటికి తెచ్చిన మూడో రోజుకు అది తలవాల్చేస్తుంది. మెంతికూర మాట ఆ షాపులకు తెలియనే తెలియదు.

ఇక మిగిలింది జర్మన్ క్లాసు. చదవడం, రాయడం నాకు కష్టం కాలేదు. ఎంతైనా భాష చెప్పి బతికినవాణ్ణి. వినే పరీక్ష దగ్గరే ప్రతిసారీ దెబ్బతినేవాణ్ణి. సీడీలో మనుషులు నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడినట్టుంటుంది. ఒక్క మాటకూ అంచు ఉండదు. క్లాసులో ఉన్న సిరియా కుర్రాళ్ళకు, వియత్నాం ఆవిడకు అన్నీ వినిపిస్తాయి, నాకే వినిపించవు. ఇది జర్మన్‌వాళ్ళ ఉచ్చారణ లోపం అని ఇంట్లో గట్టిగా వాదించేవాణ్ణి. ఇంట్లో నా మీద వేరే ఫిర్యాదులుండేవి. టీవీ సౌండు పెంచుతానని, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయనని. తలుపు వేయకపోతే ఫ్రిజ్ మొత్తుకుంటుందట, అయినా నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటానట. మా పాప ప్రతిసారీ ఎక్కడో చివరి గదిలోంచి వచ్చి తలుపు నెట్టి, జర్మన్‌లో ఏదో గొణిగి పోయేది. తండ్రి తెలుగులో అడిగితే కూతురు జర్మన్‌లో జవాబు చెప్పే ఇంట్లో ఫ్రిజ్ ఏ భాషలో మొత్తుకుంటే నాకేం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఏప్రిల్‌లో ట్రామ్‌లో పోతుంటే, ఆ చివరి నుంచి "సార్!" అని ఒక కేక వినిపించింది. పెట్టె మొత్తం తిరిగి చూసింది. జుట్టు పెంచుకున్న ఒక కుర్రాడు జనాన్ని తోసుకుంటూ వచ్చి నా కాళ్ళకు వంగబోయాడు. నా దగ్గర ఇంటర్ చదివినవాడు. కార్ల్స్‌రూహెలోనే మాస్టర్స్ చేస్తున్నాడట. నా గొర్రె బొమ్మ గుర్తుందన్నాడు. ఆ తర్వాత నవ్వుతూ అడిగాడు, "సార్, ఆ స్కైలార్క్‌ను విన్నరా మరి?"

వీసా సంగతి చెప్పి, ఇంగ్లండు పోవడం కాలేదన్నాను. వాడు ఫోను తీసి అప్పటికప్పుడు వెతికాడు. ఆ పిట్ట ఇంగ్లండుదే కాదట. జర్మనీలో గోధుమ చేలల్లోనూ ఉంటుందట. మార్చి నుంచి పాడుతుందట. దాని చుట్టాలు మన తెలంగాణ చెలకల్లో కూడా ఉంటాయట. ఇరవై ఏళ్ళు బోర్డు మీద గీసి చెప్పిన పిట్టను, మా కాలేజీ వెనకాల చెలకలో దాని మేనత్త బిడ్డ తిరుగుతుండగా గీశానన్నమాట.

"ఇంగ్లండు దాక ఎందుకు సార్, మీ ఊరి బయటనే ఉంటది. విన్నంక నాకొక్క మెసేజ్ పెట్టుండ్రి. నేనూ వస్త," అన్నాడు వాడు దిగిపోతూ.

నాకు అప్పుడు కలిగిన ఆనందం దాచుకోలేనిది. కంచెలు లేకపోతే పోయాయి, స్టైల్ లేకపోతే పోయింది. గోధుమ అదే, ఆకాశం అదే, పిట్ట అదే. మర్నాటి నుంచి క్లాసుకు పోయే ముందు పొలాల దారి పట్టాను. ఆ దారి మా ఓనరు గోధుమ చేను పక్కనుంచే పోతుంది. మోకాలెత్తు పచ్చగా, దువ్వినట్టుగా ఉంది పైరు. కుందేళ్ళు కనబడేవి. ఒకసారి జింక కూడా కనబడింది, నన్ను చూసి తొందర లేకుండా నడిచిపోయింది. కాకుల అరుపులు, అడవి పావురాల గుర్రుమనే మూలుగు వినిపించేవి. అంతే. మిగతా అంతా నిశ్శబ్దం. ఈ దేశంలో పిట్టలు కూడా మనుషుల్లాగే ముక్తసరి అనుకున్నాను.

ఆ తిరుగుడులోనే నాకు చేలో ఒక బోడి జాగా కనబడింది. పచ్చటి పైరు మధ్యలో, మా ఇంటి వంటగదంత నేల. ఒక్క గోధుమ మొక్క లేదు. నాలుగు కలుపు మొక్కలు, ఎండిన మట్టి పెళ్ళలు. దూరంగా అలాంటిదే ఇంకొకటి కూడా ఉంది. నేను రైతు కొడుకుని. చూడగానే అర్థమైంది. విత్తే మిషన్‌లో ఎక్కడో గొట్టం పూడుకుపోయి ఉంటుంది, విత్తనం పడలేదు. మా దగ్గర దీన్ని పోగుంట అంటారు. మక్క చేలో పోగుంట పడితే మా అమ్మ చూస్తూ ఊరుకునేది కాదు. కొంగులో గింజలు పోసుకుని పోయి, వేలితో గుంత చేసి నింపేది. మక్కలకు అదను దాటితే బొబ్బర్లో, తోటకూరో చల్లేది. చేలో ఖాళీ జాగా ఉంచుకున్న ఇల్లు ఊళ్ళో నవ్వులపాలే. పక్కవాడి చేలో పోగుంట కనబడినా చెప్పకుండా పోయేవాళ్ళు కాదు.

ఈ ఓనరుకు చెప్పడానికి నాకు భాష చాలదు. చెప్పినా ఆయన ఆలోచించి వద్దంటాడని తెలుసు. గడ్డి పాడవుతుందన్న మనిషి మట్టి పాడవుతుందనడా? పైగా ఇది ఆయన మర్చిపోయిన జాగా. నిండితే ఆయనకే మంచిది. కోసినప్పుడు రెండు కట్టలు కిందికి కూడా ఇద్దామనుకున్నాను. ఇలా అన్ని వైపుల నుంచీ నాకు నేనే న్యాయం చెప్పుకుని, వంటింట్లోంచి మెంతులు, ధనియాలు తీసుకుని, బాల్కనీ కుండీలకు కొన్న చిన్న గుద్దలితో చేలోకి దిగాను.

ట్రాక్టరు చక్రాల చాళ్ళలోనే నడిచాను. ఒక్క గోధుమ మొక్క తొక్కకుండా పోవడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పెళ్ళలు పగలగొట్టి, కలుపు తీసి, మడి కట్టి చల్లాను. ఆ ఏప్రిల్‌లో వాన లేదు. సీసాల్లో నీళ్ళు పట్టుకుని రోజూ పోయేవాణ్ణి. వారం తిరిగేసరికి మెంతులు మొలిచాయి. ఆ రెండాకులు చూసినప్పుడు, ఈ దేశానికి వచ్చిన మూడేళ్ళలో మొదటిసారి నాకు నేను ఎందుకో ఒకందుకు పనికొచ్చే మనిషిలా కనబడ్డాను. మే మధ్యకు తొలి కోత కోసి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఆ ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. మెంతికూర పప్పు చేసింది. మా పాప కూడా మారు వడ్డించుకుంది. ఎక్కడిదని అడిగితే పండించానని మాత్రం చెప్పాను. క్లాసు దగ్గర ఎవరో జాగా ఇచ్చారనుకుంది ఆవిడ.

పిట్ట సంగతి నేను మర్చిపోలేదు. మడిలో కూర్చుని కలుపు తీస్తూ ఆకాశం వైపు చూస్తూనే ఉండేవాణ్ణి. ఒక్క కూత లేదు. ట్రామ్ కుర్రాడు ఫోనులో ఎప్పటిదో పాత సమాచారం చూసి చెప్పి ఉంటాడనుకున్నాను. వాడు రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. ఇంకా లేదని ఒకసారి రాశాను, రెండోసారి రాయలేదు.

ఒక సాయంత్రం ఓనరు మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ పైకి రాడు, ఏదన్నా ఉంటే ఉత్తరాల డబ్బాలో చీటీ వేస్తాడు. చేతిలో వేళ్ళతో సహా పీకిన మెంతి మొక్క ఉంది. కోపంగా లేడు. మొక్కను వాసన చూసి, నా వైపు చాచి, ఇది నీదేనా అన్నట్టు ఏదో అడిగాడు. నేను గర్వంగానే అవునన్నాను. ఆయన గడ్డంలోంచి, ఈ ప్రాంతపు యాసలో, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. మా ఆవిడ వింటోంది. వింటున్నకొద్దీ ఆవిడ మొహం మారిపోయింది.

"ఏమంటుండు?" అన్నాను.

"విత్తనం పడక కాదట. విత్తేటప్పుడు ఆయననే మిషన్‌ను పైకి లేపి, ఆ జాగ కావాలని ఇడిసిపెట్టిండట. పైరు గుబురుగ ఉంటే పిట్ట దిగరాదట. దిగనీకి ఖాళీ జాగ కావాల్నట. పక్కన పైర్లనే గూడు పెడ్తదట."

ఏ పిట్ట అని అడిగాను.

ఆవిడ ఓనరును మళ్ళీ అడిగింది. ఆయన లెర్షె అన్నాడు. ఆవిడ ఫోనులో వెతికి నా వైపు తిప్పింది. మట్టి రంగు, పిచ్చుక కంటే కాస్త పెద్దది, తల మీద చిన్న కుచ్చు. ఇరవై ఏళ్ళు నేను క్లాసులో నోటితో చెప్పిన పిట్ట ఇదే.

మార్చి నుంచి ఒక జంట అక్కడ ఉంటోందట. నేను పోవడం మొదలైనప్పటి నుంచి ఈయనకు కనబడటం లేదట. గూడు పెట్టి ఉంటే వదిలేసి పోయి ఉండొచ్చట. ఖాయంగా చెప్పలేనన్నాడు. ఇవన్నీ ఆయన ఏ తిట్టూ లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. తిట్టి ఉంటే తిరిగి నేనూ ఏదో అనేవాణ్ణి, పెరట్లో మూల ఇచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మా ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆయన పోతూ మెంతి మొక్కను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి పోయాడు.

ఆ సాయంత్రమే పోయి మొత్తం పీకేశాను. మెంతి, పూత పట్టబోతున్న కొత్తిమీర, కట్టిన మడి, అన్నీ. నేలను మునుపటిలా పెళ్ళలుగా చేయాలని చూశాను. మెత్తగా దున్నిన మట్టి మళ్ళీ పెళ్ళ కట్టమంటే కడుతుందా? పీకిన కూర సంచీలో వేసుకుని ఇంటికి తేబుద్ధి కాలేదు. దారిలో కంపోస్టు డబ్బాలో పడేశాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. నేను వెతుక్కుంటూ వచ్చిన పిట్ట నా కాళ్ళ కిందే ఉంటే, దాని గుమ్మంలో కూర్చుని నేను కూర పండించుకున్నాను. ఇంగ్లండు పోయి ఉంటే అక్కడా ఏదో ఒకటి ఇలాగే చేసి ఉండేవాణ్ణేమో.

చేలోకి దిగొద్దని, దారి మీద నిలబడితే తప్పులేదని ఓనరు చెప్పాడు. రోజూ పొద్దున పోయి దారి మీద నిలబడేవాణ్ణి. ఇప్పుడు వినాలని కాదు, అది ఉందో లేదో తెలియాలని. ఉంటే చాలు, వినిపించకపోయినా ఫర్వాలేదు అని ఎన్నిసార్లు అనుకున్నానో. కాకులు, పావురాలు. ఒక రోజు దూరంగా కుకూ పిట్ట స్పష్టంగా కూసింది, ఎగతాళిగా. క్లాసుకు ఆలస్యంగా పోయేవాణ్ణి, ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు. అన్నం దగ్గర మా ఆవిడ ఏమన్నా అంటే కసురుకునేవాణ్ణి. ట్రామ్ కుర్రాడి మెసేజ్ ఇంకొకటి వచ్చింది. "విన్నరా సార్?" దాన్ని తెరిచి చూసి మూసేశాను.

చివరికి ఒక ఆదివారం మా ఆవిడ పాపను నాతో తోలింది. "మీ డాడీ మొహం చూసుడు నాతోని కాదు. నువ్వన్న తోడు పో," అంది. పదో క్లాసుకు దగ్గరపడ్డ పిల్ల, ఆదివారం పొద్దున్నే తండ్రితో పొలాల వెంట నడవడం దానికి ఎంత ఇష్టమో మొహంలోనే కనిపించింది. చెవుల్లో బొత్తాల్లాంటివి పెట్టుకుని, నాకు పది గజాల వెనక, ఫోను చూసుకుంటూ వచ్చింది.

చేను దగ్గర నిలబడ్డాను. బోడి జాగాలో అప్పుడే ఒకటి రెండు కలుపు మొక్కలు లేస్తున్నాయి. పైరు వెన్ను దీసింది. గాలి ఉన్నా లేనట్టే ఉంది. కాసేపయ్యాక పాప విసుగ్గా జర్మన్‌లో ఏదో అడిగింది. ఎంతసేపు అనో, దేనికోసం అనో. పిట్ట కోసమన్నాను. దాని మీద నేను ఇరవై ఏళ్ళు పాఠం చెప్పానని, దాని జాగాలోనే మెంతికూర వేశానని, అది వెళ్ళిపోయిందని చెప్పాను. పిల్లకు చెప్పాల్సిన మాటలు కావు, కానీ చెప్పేశాను.

అది ఒక చెవిలోది తీసింది. తల కాస్త పక్కకు వంచింది.

"అదేనా?" అంది తెలుగులో.

"ఏది?"

"పాడుతుంది కదా."

ఆటపట్టిస్తోందనుకున్నాను. నాకు ఒళ్ళు మండి, నేనిక్కడ ఇంత బాధలో ఉంటే నీకు వేళాకోళమా అని గట్టిగానే అన్నాను. అది రెండో చెవిలోది కూడా తీసి, చేయెత్తి చూపించింది. మొదట నాకు ఆకాశమే కనబడింది. తర్వాత దాని వేలి కొసన, చాలా ఎత్తున, నువ్వుగింజంత నల్లటిది ఒకటి కనబడింది. ఒకేచోట రెక్కలు టపటపలాడిస్తూ, కొంచెం కొంచెంగా పైకి పోతోంది. పిట్టే. వెళ్ళిపోలేదు. నా మెంతికూరను, గుద్దలిని, నీళ్ళ సీసాలను అన్నింటినీ భరించి, ఇక్కడే ఉంది.

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. చెవి వెనక అరచేయి పెట్టుకుని విన్నాను. పావురం మూలుగు వినిపించింది. ఎక్కడో కారు పోయింది. అంతే.

పాప నన్నే చూస్తోంది. అంతసేపు అది నా మొహం చూసి చాలా కాలమైంది.

"డాడీ," అంది మెల్లగా, "నీకు ఫ్రిజ్ కూడా వినిపించదు కదా."

నాకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. సీడీలో నోట్లో గుడ్డలు కుక్కుకున్న మనుషులు, టీవీ సౌండు, ఫ్రిజ్ తలుపు. మడిలో కూర్చుని కలుపు తీసిన పొద్దులన్నీ అది నా నెత్తిమీదే పాడుతూ ఉండి ఉంటుంది. నిశ్శబ్దం ఈ దేశానిది కాదు, సన్నటి చప్పుళ్ళు అందని నా చెవులది. దారి పక్కన గడ్డి మీద కూర్చుండిపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఓనరు మీద, వీసా మీద, జర్మన్‌వాళ్ళ ఉచ్చారణ మీద మూడేళ్ళుగా దాచుకున్న కోపమంతా పట్టుకోవడానికి మనిషి లేక అట్లాగే ఉండిపోయింది.

పాప పక్కన కూర్చుంది. ఎట్లుందని అడిగాను.

దానికి తెలుగులో మాటలు అందలేదు. జర్మన్‌లో మొదలుపెట్టి ఆపేసింది. నాకు తెలుగులోనే చెప్పాలనుకుందని తెలుస్తోంది. "అమ్మమ్మ వాళ్ళింట్ల కుక్కర్ కూత పెట్టే ముందర సన్నగ అంటది చూడు, అట్ల మొదలైతది. కాని కుక్కర్ లెక్క కాదు. చిన్న చిన్న గంటలు బాగ స్పీడుగ కొట్టినట్టు. ఒక్కటి అయిపోకముందే ఇంకొకటి. ఊపిరి తీసుకుంటనే లేదు, డాడీ. ఎట్ల పాడుతుందో మరి."

"పైకి పోతున్నకొద్ది తగ్గుతుందా?"

"లేదు. అంతే ఉంది. మీద నుంచి పడుతున్నట్టు ఉంది."

పుస్తకంలో ఉన్నదే. నేను చెప్పిందే. ఇరవై ఏళ్ళు వినని పిల్లలకు వినని పిట్టను వర్ణించిన నోటికి ఇప్పుడు అడగడానికి ప్రశ్నలు చాలలేదు. గొంతు ఎట్లా ఉంది, ఆగుతోందా, మళ్ళీ అదే వరసా, కొత్తదా. అది కళ్ళు మూసుకుని విని, ఒక్కొక్కటే చెప్పింది. విసుక్కోలేదు. తెలియని మాట వచ్చినచోట చేత్తో చూపించింది. మా కాలేజీలో అంత శ్రద్ధగా ఎవరికీ నేను పాఠం చెప్పలేదు.

ఉన్నట్టుండి ఆ నల్ల గింజ రెక్కలు ముడిచి రాయిలా పడింది. కింద దాకా వచ్చి, చివర్లో రెక్కలు విప్పి, నేను మెంతికూర పీకేసిన మెత్తటి మట్టిలో దిగింది. రెండడుగులు పరుగెత్తి పైరులోకి దూరింది.

"ఆపేసింది," అంది పాప.

నాకు ఏ తేడా తెలియలేదు.

చెవుల డాక్టరు దగ్గర టెర్మిన్ ఆగస్టుకు దొరికింది. ఫోను చేసింది మా ఆవిడ. ఇంతకంటే ముందు లేదన్నారట. ఓనరును అడిగితే, ఈ పిట్టలు జులై దాకానే పాడతాయని, ఆ తర్వాత మానేస్తాయని చెప్పాడు. మా ఆవిడ ఇది నాకు చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పింది. నేను గొణగలేదు. వచ్చే మార్చి దాకా ఆగడమే.

ఆ ఆదివారం ఇంటికి వచ్చాక ట్రామ్ కుర్రాడి మెసేజ్ మళ్ళీ తెరిచాను. "విన్నరా సార్?" చాలాసేపు చూసి, మా అమ్మాయి విన్నది, రా, నీకూ వినిపిస్తుంది అని రాశాను.